ఒక రాత్రి రైలు దూరం

ఏప్రిల్ 23, 2025, బుధవారం

ఈ రోజుతో బడి అయిపోయింది. మళ్లీ జూన్ 12నే. బుజ్జి తన యూకేజీ పుస్తకాలన్నీ సంచిలో కుక్కి మంచం కిందికి తోసేసింది. "ఇంక నేను ఫస్ట్ క్లాస్" అని ఇల్లంతా చెప్పుకుంటూ తిరిగింది. వినడానికి నేనూ వాళ్ల నాన్నే ఉన్నాం, అయినా నాలుగుసార్లు చెప్పింది.

రాత్రి ఉప్పల్ స్టేడియంలో ముంబైతో మన హైదరాబాద్ క్రికెట్ మ్యాచ్. మ్యాచ్ ఉంటే రామంతాపూర్‌లో మా డాబా మీదినుంచే తెలిసిపోతుంది. ఈ రోజు టపాసులు లేవు. ఆటగాళ్లు చేతులకు నల్ల పట్టీలు కట్టుకుని ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు. నిన్న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపేశారు. ఎక్కువమంది సెలవులకని భార్యాపిల్లలతో వెళ్లినవాళ్లే. స్వెటర్లు ఎన్ని పెట్టాలి, బ్యాగుల్లో చోటు చాలుతుందా అని వాళ్ల ఇళ్లలోనూ రాత్రంతా సర్దే ఉంటారు. టీవీ కట్టేశాను. బుజ్జి పక్కనే చాలాసేపు పడుకున్నాను.

ఏప్రిల్ 26, శనివారం

నాచారంలో నేను లెక్కలు రాసే కంపెనీలో సెలవు అడిగాను. మేలో ఆడిట్ ఉంది, మూడు రోజులకు మించి కుదరదన్నారు. బడికి 49 రోజులు, నాకు మూడు.

ఏప్రిల్ 27, ఆదివారం

బుజ్జిని ఆలేరులో మా అమ్మ దగ్గర దింపి వచ్చాను. ఉప్పల్ రింగ్ రోడ్డులో హనుమకొండ బస్సు. ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్యనుంచి నారపల్లి దాటేసరికే సగం ప్రాణం పోతుంది. 2018లో మొదలైన పని. బుజ్జికి బస్సు పడదు, చేతిలో నిమ్మకాయ పెట్టి వాసన చూస్తుండమన్నాను. భువనగిరి కోట గుండు కనపడగానే లేచి కూర్చుంది.

పొద్దున పోయి సాయంత్రం తిరిగి వచ్చాను. "నువ్వన్న రెండు దినాలు ఉండిపోరాదే బిడ్డా" అంది అమ్మ. నా చిన్నప్పుడు మా అత్తయ్యలు వేసవికి పుట్టింటికి వస్తే, మిరుగం (మృగశిర కార్తె) దాకా కదిలేవాళ్లు కాదు. నేను సామాను దింపే మనిషిలా వచ్చి వెళ్తున్నాను.

మే 4, ఆదివారం

తొక్కు పెట్టాను. కాయలు అంగట్లోనే కొట్టించాను. ఒక్కో ముక్కలోంచి జీడి తీసేసి, టెంకకు అంటుకున్న పల్చటి పొర గీరి, పొడిబట్టతో తుడిచి పెట్టేసరికి మధ్యాహ్నం అయింది. అమ్మ ఉంటే మాటల్లో అయిపోయే పని. ఫోన్ స్పీకర్‌లో పెట్టి "ఉప్పు ఎంత?" అంటే, "చేతికి తెలుస్తది" అంటుంది.

మే 5, సోమవారం

స్టేడియంలో ఢిల్లీ 133 చేసింది, తర్వాత వాన. మనవాళ్లు బ్యాటే పట్టలేదు. డాబా మీద ఆరేసిన బట్టలు తీయడానికి పైకి వెళ్లి, ఆయనా నేనూ అక్కడే తడుస్తూ నిలబడ్డాం. బుజ్జి పుట్టాక ఇద్దరం పని లేకుండా ఒకచోట నిలబడటం ఇదే మొదటిసారి అనుకుంటా. ఏం మాట్లాడుకోవాలో తోచలేదు. తర్వాత బుజ్జి గురించే మాట్లాడుకున్నాం.

మే 7, బుధవారం

సాయంత్రం నాలుగింటికి సైరన్లు. యుద్ధం వస్తే ఏం చేయాలో నేర్పే మాక్ డ్రిల్ అని తెలిసినా గుండె జారింది. వెంటనే ఆలేరుకు ఫోన్ చేశాను. బుజ్జి కోడిపిల్లల వెంట పడుతోందట, ఫోన్ దగ్గరికి రాలేదు.

మే 11, ఆదివారం

ఆలేరు. గురువారం నుంచి సరస్వతీ పుష్కరాలు, అమ్మకు కాళేశ్వరం పోవాలని ఉంది. బుజ్జితో ఆ జనంలోకి వద్దన్నాను. వద్దన్నాక మనసు ఊరుకోలేదు. "నువ్వు ఎక్కడికైనా పోయినవా అమ్మా, సెలవుల్లో?" అని అడిగాను. ముప్పై ఒక్క ఏళ్ల నాకు ఆ మాట అడగాలని ఈ రోజు దాకా తోచనే లేదు.

"మాకు సెలవులెక్కడియే? ఎండకాలం అంటే ఆసు గదా" అంది.

ఆసు తెలియనివాళ్లకు చెప్పాలి. పోచంపల్లి చీర మీద పువ్వు రావాలంటే, నేసే ముందే దారానికి ఎక్కడెక్కడ రంగు ఎక్కకూడదో అక్కడ చిటికి కట్టాలి. చిటికి కట్టే ముందు ఆ దారాన్ని కొయ్యల మీద అర్ధచంద్రంలా వరుసగా పోయాలి. ఇవతల ఒక కొయ్య, అవతల వరుసగా కొయ్యలు. దారం పట్టుకున్న చెయ్యి ఇటూ అటూ, ఇటూ అటూ. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు. అది ఆడవాళ్ల పని. నాకు జ్ఞానం వచ్చేసరికే అమ్మ కుడి భుజం నొప్పితో ఉండేది. రాత్రి గుడ్డ కాచి పెట్టేదాన్ని. వేసవిలో పెళ్లిళ్లు, చీరలకు గిరాకీ. నాకు బడి సెలవులిచ్చిన నెలల్లోనే అమ్మ చెయ్యి ఎక్కువ ఆడేది.

మా ఆలేరు పక్కనే శారాజీపేట. అక్కడి చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక, ఏళ్లకేళ్లు తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి వాళ్లమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి అని. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. ఆ సినిమా మా అమ్మ సగంలోనే ఆపించింది, ఏడుపు ఆగక. యంత్రం మా ఇంటికి వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. అమ్మ ఎంతమంది దేవుళ్లకు దండం పెడుతుందో లెక్కలేదు, ఆ వరుసలో ఆ యంత్రమూ ఉంది.

"సముద్రం చూసినవా?" అన్నాను. "టీవీల చూసిన" అంది. ఆ టీవీ కూడా దూరదర్శనే. ఉత్తరాల కార్యక్రమంలో చిరునామా చదివేవాళ్లు కదా, దూరదర్శన్ కేంద్రం, రామంతాపూర్, హైదరాబాద్ 500013 అని. అమ్మకు అక్షరం పొల్లు పోకుండా వచ్చు. మేం రామంతాపూర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నామంటే అమ్మ మొదట అడిగింది, "టీవీ స్టేషన్ ఉన్న రామంతాపూరేనా?" అని.

రాత్రి ఆయనకు చెప్పాను. ఆయన ఫోన్‌లో వెతికి, చర్లపల్లి నుంచి నర్సాపురం పోయే ప్రత్యేక రైలులో బెర్తులు తీశాడు. "అత్తమ్మను పుష్కరాలకు తీస్కపోకున్నా, గోదావరి సముద్రంల కలిసే కాడికి తీస్కపోదాం" అన్నాడు. బాపు రానన్నాడు. మగ్గం మీద చీర ఉంది.

మే 17, శనివారం, అంతర్వేది

నిన్న రాత్రి నాచారం, మల్లాపూర్ మీదుగా ఆటోలో చర్లపల్లి. ఈ జనవరిలో తెరిచిన కొత్త టెర్మినల్, మాకు సికింద్రాబాద్ కన్నా నయం. అమ్మ కింది బెర్తు మీద కొంగు కప్పుకుని కూర్చుంది, పడుకోలేదు. భీమవరం దాటాక వెలుతురు వచ్చింది. పట్టాలకు రెండు పక్కలా చేపల చెరువులు. "ఇన్ని చెరువులా? మరి మనకు బోర్ల నీళ్లే రాకపాయె" అంది. ఆ మాటలో అసూయ లేదు, ఆశ్చర్యమే.

నర్సాపురం రేవులో పంటు ఎక్కాం. మోటారు బండ్లు, ఆటో, కొబ్బరికాయల బస్తాలు, మేం. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చిన నీళ్లు ఇక్కడ పరుగు మానేశాయి. ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలాక, ఇది వశిష్ఠ పాయ. కాళేశ్వరం నుంచీ వచ్చిన నీళ్లే అని చెబితే అమ్మ వంగి దోసిట్లో తీసుకుని నెత్తిన చల్లుకుంది. బుజ్జి నెత్తినా చల్లింది.

అవతల సఖినేటిపల్లి. అక్కడినుంచి ఆటోలో అంతర్వేది. గుడి ముందు నిలబడి అమ్మ, "మన గుట్ట నర్సింహస్వామేనే" అంది, ఊరుగాని ఊరిలో చుట్టం కనపడ్డట్టు. యాదగిరిగుట్టకు మా ఆలేరు నుంచి ఎన్నిసార్లు నడిచి వెళ్లిందో.

తర్వాత సముద్రం.

నేను ఏదో అనుకున్నాను, అమ్మ ఏడుస్తుందనో, చేతులు జోడిస్తుందనో. అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, మోకాళ్ల దాకా నీళ్లలోకి నడిచి, ఊరికే నిలబడింది. బుజ్జి భయంతో నా చెయ్యి వదలలేదు. చాలాసేపటికి అమ్మ కుడి చెయ్యి నీళ్లలో పెట్టింది. అల వచ్చినప్పుడు చెయ్యి ఇటు, పోయేటప్పుడు అటు. ఇటూ అటూ. చిన్నప్పటినుంచీ చూసిన చెయ్యే. దారం లేదు, కొయ్యలు లేవు, లెక్క లేదు. నీళ్లే దాన్ని ఆడిస్తున్నాయి. ఆయన ఫోటో తీయబోతే వద్దని సైగ చేశాను.

వేళ్లు నోట్లో పెట్టుకుని చూసింది. "నిజంగనే ఉప్పు" అంది.

సాయంత్రం, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లాం. ఒక పక్క గోదావరి రంగు, ఇంకో పక్క సముద్రం రంగు. నీళ్లలోకి దిగొద్దని అక్కడివాళ్లు గట్టిగా చెప్పారు, దిగలేదు. బుజ్జి "అన్న ఎవరు, చెల్లె ఎవరు?" అని ప్రాణం తీసింది. రాత్రి పడుకున్నాక అమ్మ ఏదో కథ అల్లి చెప్పింది, చెబుతూ చెబుతూ తానే నిద్రపోయింది.

మే 19, సోమవారం

పొద్దున్నే చర్లపల్లిలో దిగాం. ఉన్న మూడు సెలవుల్లో రెండు అయిపోయాయి. అమ్మ మా ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది, నేను వండిపెట్టాను. లేవబోతే లేవనివ్వలేదు. ఉప్పు తక్కువైందని చెప్పలేదు, కానీ తక్కువైంది.

మే 26, సోమవారం

నిన్ననే రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగలాల్సిన ఎండలో, ఈ రోజు రుతుపవనాలు తెలంగాణలోకి వచ్చేశాయన్నారు. ఆలేరులో బాపు వడ్ల బస్తాల మీద కవర్లు కప్పుతున్నాడట. బుజ్జి అక్కడే.

జూన్ 8, ఆదివారం

మిరుగం. బుజ్జిని తీసుకురావడానికి వెళ్లాను. అమ్మ చేపల పులుసు చేసింది. వాడకట్టులో ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చున్నారు, అమ్మ సముద్రం గురించి చెబుతోంది. నేను వంటింట్లోంచి విన్నాను. గుడి గురించి రెండు మాటలే. పంటు గురించి, నీళ్లలో నిలబడితే కాళ్ల కింద ఇసుక జారిపోవడం గురించి ఎంతో చెప్పింది. వాళ్లలో ఒకామెకు డెబ్భై దాటి ఉంటాయి. "నన్ను కూడా తీస్కపోతే బాగుండు" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. ఆమె కొడుకులు ముగ్గురూ హైదరాబాద్‌లోనే ఉన్నారు.

జూన్ 12, గురువారం

బడి తెరిచారు. బుజ్జి ఏడవకుండా వెళ్లింది. నేను కంపెనీకి వెళ్లగానే వచ్చే ఏడాది మేలో పది రోజులకు అర్జీ రాసి ఇచ్చాను. ఇంత ముందుగానా అన్నారు. ఇంత ముందుగానే అన్నాను. ఆలేరులో, అమ్మతో, ఏ పనీ పెట్టుకోకుండా పది రోజులు. జీతం కోసుకున్నా సరే.

ఇది ఎవరైనా చదివితే ఒక్క మాట. మీ అమ్మ సముద్రం చూసిందో లేదో ఈ రోజే అడగండి. మా అమ్మకు 54 ఏళ్లు. చర్లపల్లి నుంచి ఒక్క రాత్రి రైలు.