తప్పుల చిట్టా



ప్రతిసారీ పద్యాలను గూర్చియో, పాఠ్యపుస్తకాలను గూర్చియో వ్రాసే నేను ఈసారి కంప్యూటరు లోపలి చిట్టాను గూర్చి వ్రాస్తున్నందుకు మీరు ఆశ్చర్యపడవచ్చు. నాకు ఉన్నది ఉపాధ్యాయ శిక్షణ ధ్రువపత్రం మాత్రమే, కంప్యూటరు చదువు కాదు. అయినా ఏబది యేండ్లు దాటిన తరువాత ఒక యంత్రం నాకు ఒక పాఠం చెప్పింది. ఆ పాఠం వెనుక నేను చేసిన ఒక తప్పు ఉన్నది. దానిని మీ ముందు ఒప్పుకొనడానికే ఈ వ్యాసం.

మా శక్తినగర్‌ను ఎరుగనివారి కోసం రెండు మాటలు. రాయచూరు జిల్లాలో, కృష్ణానది ఒడ్డున, దేవసూగూరు ప్రక్కన థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం వెలసిన ఊరు మాది. 1985లో మొదటి యూనిట్ మొదలైంది. 2010 నాటికి ఎనిమిది యూనిట్లై, మొత్తం సామర్థ్యం 1720 మెగావాట్లకు చేరింది. నది దాటితే తెలంగాణ. 1956 నవంబరు 1 వరకు రెండు ఒడ్డులూ హైదరాబాదు రాష్ట్రంలోనివే. అందువల్ల మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో ఉర్దూ మాట్లాడుతారు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించే ఏర్పాట్లకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెబుతున్నది. తరగతి గదిలో ఆ అధికరణాన్ని నిలబెట్టేది మాత్రం సుద్దముక్క పట్టుకొన్న మనమే.

ఇక అసలు విషయానికి వస్తాను.

నిరుడు మా పిల్లలచేత ఒక పని ప్రారంభింపజేశాను. ఇంటిలోని పెద్దలు వాడే పాత మాటలను అడిగి, నోటుపుస్తకంలో వ్రాసుకొని, తరువాత కంప్యూటరులో ఎక్కించాలి. సేద్యపు మాటలు, వంట మాటలు, నది మాటలు. నదిలో తిరిగే గుండ్రని వెదురు పడవను కొందరు పుట్టి అంటారు, కన్నడంవారు హరిగోలు అంటారు. ఇటువంటివన్నీ ప్రక్కప్రక్కన చేర్చుతూ పోయాము. మాకున్నది ఒకే ఒక పాత కంప్యూటరు. అందులో లినక్స్ ఉన్నది. తెలుగు చక్కగా కనబడుతుంది, ఖర్చు లేదు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం సాయంకాలం ఏడవ తరగతి పిల్లవాడొకడు టైపు చేస్తూ ఉండగా యంత్రం బిగుసుకుపోయింది. మీట నొక్కి ఆపి మరల పెట్టగా, మాటల ఫైలు తెరుచుకొనలేదు. మూడు నెలల శ్రమ. “వీడు క్రింద కాళ్ళు ఆడిస్తూ తీగ లాగి ఉంటాడు” అని ఎవరో అన్నారు. వాడు ఎప్పుడూ కుదురుగా కూర్చునేవాడు కాదు. నేను రెండవ ఆలోచన లేకుండా తరగతి అందరి ముందు వాడిని మందలించాను. “నీ చేయి పడితే ఏదీ మిగలదు” అన్నాను. ఆ మాట ఈనాటికీ నా చెవిలోనే ఉన్నది.

మరునాడు వాడు బడికి రాలేదు. మూడవనాడు వాళ్ళమ్మ వచ్చింది. కంఠం పెంచలేదు. “మావోడు అల్లరోడే టీచరమ్మా, నేను కాదనను. గని అబద్ధం ఆడడు. నేను తీగ ముట్టలేదని రాత్రంతా ఏడ్చిండు. రేపటిసంది కన్నడం బడికి పోతా అంటుండు” అన్నది. తెలుగు తరగతిలో ఒక్కొక్క పిల్లవాడిని నిలబెట్టుకొనడానికి మనం ఎన్ని గడపలు ఎక్కుతామో మీకు తెలియనిది కాదు. అటువంటిది, ఒకడిని నా నోటితో నేనే వెళ్ళగొట్టుకొంటున్నాను.

ఆ రాత్రి బెంగుళూరులో ఉద్యోగం చేసే నా మేనల్లుడికి ఫోను చేశాను. వాడు అన్నీ విని, “అత్తయ్యా, ఎవరు చేశారని మనుషులను ఎందుకు అడుగుతావు? ఏమి జరిగిందో యంత్రాన్నే అడుగు. అది పొద్దున లేచింది మొదలు ప్రతి సంగతీ వ్రాసుకొంటూనే ఉంటుంది” అన్నాడు.

మిత్రులారా, ఇది నాకు కొత్త సంగతి. మావారు విద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఉద్యోగం చేసి పదవీ విరమణ చేశారు. కంట్రోల్ రూములో లాగ్‌బుక్కు వ్రాసి, దిగే షిఫ్టువారు ఎక్కే షిఫ్టువారికి అప్పగించడం ఆయన నోట ఎన్నో మార్లు విన్నాను. ఈ లాగ్ అనే మాట ఓడల నుండి వచ్చింది. పూర్వం నావికులు ముడులు వేసిన త్రాటికి కట్టెముక్క కట్టి నీటిలో విడిచి వేగం లెక్కించేవారు; కట్టెకు ఇంగ్లీషులో లాగ్ అని పేరు. ఆ లెక్క వ్రాసే పుస్తకం లాగ్‌బుక్కు అయింది. మనకు దీనికి చక్కని మాట ఉన్నది, చిట్టా. కరణాల నాటి నుండి ఉన్న మాటే. తెలుగు వికీపీడియావారు కూడా ఈ అర్థంలో చిట్టా అనే వాడుతున్నారు.

మరునాడు బడి విడిచిన తరువాత ఫోను చెవిన పెట్టుకొని యంత్రం ముందు కూర్చున్నాను. టెర్మినల్ అనే నల్లని కిటికీ తెరిపించాడు. బొమ్మలు లేవు, మీటలు లేవు. ఆజ్ఞను అక్షరాలలో వ్రాయాలి, అది అక్షరాలలో జవాబు చెబుతుంది. మొదట భయపడ్డాను గాని, తరువాత అనిపించింది: అక్షరాలతో పని అయితే అది మన పనే కదా!

ఆ ఆజ్ఞ పేరు జర్నల్‌సీటీఎల్. జర్నల్ అని వ్రాసి, విడవకుండా సీ, టీ, ఎల్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు చేర్చాలి. ఊరికే అంతమాత్రమే వ్రాస్తే చిట్టా అంతా మొదటి నుండి వేల పంక్తులుగా వచ్చి పడుతుంది. బాణపు మీటలతో పైకీ క్రిందికీ చదువుకొని, చాలు అనుకొంటే క్యూ అక్షరం నొక్కి బయటికి రావచ్చు. మొత్తం చిట్టా చూడడానికి అధికారి అనుమతి అవసరం. అందుకే ఆజ్ఞకు ముందు సుడో అనే మాట చేర్చి సంకేతపదం ఇవ్వాలి.

ప్రతి పంక్తిలో నెల, తేదీ, గంట, నిమిషం, సెకను, యంత్రం పేరు, మాట్లాడుతున్న కార్యక్రమం పేరు, చివర సందేశం వరుసగా ఉంటాయి. అందులో ఎవరినీ తిట్టే మాట ఒక్కటి కూడా లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏమి అన్నంతవరకే.

తప్పులను వేరుచేయడానికి హైఫన్, పీ అక్షరం, ఖాళీ విడిచి ఈఆర్ఆర్ అని చేర్చమన్నాడు. చిట్టాలోని సందేశాలకు 0 నుండి 7 వరకు ఎనిమిది తరగతులు ఉన్నాయట. 0 అత్యవసరం, 3 తప్పు, 4 హెచ్చరిక, 6 సమాచారం, 7 మరమ్మతుదారులకు మాత్రమే పనికివచ్చే సూక్ష్మవివరం. అంకె తగ్గినకొద్దీ తీవ్రత ఎక్కువ. ఈ మెట్లు 1980లలో ఎరిక్ ఆల్‌మన్ రూపొందించిన సిస్‌లాగ్ నుండి వచ్చినవి. పైన చెప్పిన ఆజ్ఞ ఇస్తే 3, అంతకంటె తీవ్రమైనవి మాత్రమే కనబడుతాయి.

కనబడినాయి. తెర నిండా ఎర్రని పంక్తులు. పిల్లల నోటుపుస్తకాలలో నా ఎర్రసిరా గుర్తుకు వచ్చింది.

“చివరి పంక్తి కాదత్తయ్యా, మొదటి తప్పు ఎక్కడ ఉన్నదో చూడు. తరువాతివి చాలావరకు దాని పిల్లలే” అన్నాడు. పైకి పోతూ ఉన్నాను. డిస్కులోని ఫలానా సెక్టారు చదవడం సాధ్యపడలేదు అనే సందేశం పదే పదే ఉన్నది. దాని ప్రక్కన యూఎన్‌సీ అనే మూడు అక్షరాలు. సరిదిద్దలేని తప్పు అని అర్థమట, డిస్కు పలక చెడినప్పుడు వస్తుంది. తీగ వదులైతే సాధారణంగా ఐసీఆర్‌సీ అని వేరొక గుర్తు కనబడుతుందట. ఆ గుర్తు ఎక్కడా లేదు. కరెంటు తీగ లాగి ఉంటే ఆనాటి చిట్టా ఉన్నట్టుండి తెగిపోయేది, అంతకు ముందు ఇన్ని తప్పులు ఉండవలసిన పని లేదు.

మొదటి ఎర్ర పంక్తికి చేరాను. అది ఫిబ్రవరి కాదు, జనవరి. ఒక శనివారం మధ్యాహ్నం. శనివారం మాకు ఉదయం బడి. పిల్లలు ఇళ్ళకు పోయి ఉంటారు. మేనల్లుడు గడియారం సరిగా ఉన్నదా అని అడిగాడు, గడియారం తప్పైతే చిట్టాలోని కాలమూ తప్పుతుందట. చేతి గడియారంతో సరిచూశాను. తరువాత నా పాఠ్య దినచర్య తెరిచి ఆ తేదీ చూశాను. ‘మధ్యాహ్నం: తొమ్మిదవ తరగతి ప్రశ్నపత్రం టైపు’ అని నా దస్తూరీలోనే ఉన్నది.

ఆ కుర్చీలో ఆ వేళ కూర్చున్నది నేను. యంత్రం ఒక నిమిషం పాటు నిలిచిపోయి మరల కదలడం అప్పుడు గుర్తుకు వచ్చింది. పాతది కదా అనుకొని నా పని చేసుకొన్నాను. హెచ్చరిక నాకు వచ్చింది, నింద పిల్లవాడికి పోయింది. యంత్రం నన్నూ నిందించలేదు. డిస్కు వయసు మీరి చెడింది, అంతే. చిట్టాను ఆనాడే చదివి ఉంటే మాటలన్నీ మిగిలేవి.

అప్పుడే చేయవలసిన పని ఒకటి చెప్పాడు. డిస్కు చెడుతున్నదని తెలిస్తే మొదట మరమ్మతుకు పూనుకోకూడదు. చదవగలిగినదంతా వేరొక చోటికి ఎత్తుకోవాలి. మిగిలిన ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోనికి ఎత్తాము. అంతకు ముందటి వారం నకలు ఒకటి దొరికింది. పోయినవి చివరి వారపు పుటలు. అవి ఆ పిల్లవాడివే. వాళ్ళ అవ్వ చెప్పిన నది మాటలు.

మరునాటి సాయంకాలం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాడు తలుపు వెనుకనే నిలబడ్డాడు. చిట్టాలోని పంక్తులను కాగితంపై వ్రాసుకొనిపోయి చూపించాను. “తప్పు నీది కాదు నాయనా. చూడకుండా నిందించడం నా తప్పు” అన్నాను. వాడు ఆ తేదీని చాలాసేపు చూశాడు. “ఈ పొద్దు నేను మా అవ్వతోని ఊర్లో ఉన్నా టీచర్” అన్నాడు, అంతే. సోమవారం బడికి వచ్చాడు. అదే తరగతి ముందు, అదే చోట నిలబడి, మందలించినంత గట్టిగానే క్షమాపణ చెప్పాను. వాడు నోటుపుస్తకం చూసి నది మాటలను మరల ఎక్కించాడు, కొత్త డిస్కులో.

ఆ తరువాత నా ఎర్రసిరాను గూర్చి ఆలోచనలో పడ్డాను. ఒక పిల్ల ‘ఆవు హాలు ఇచ్చును’ అని వ్రాసింది. తరగతి అంతా నవ్వింది, ఆవు పెద్ద గది ఇస్తుందా అని! నేనైతే గతంలో అడ్డంగా గీత కొట్టేదానిని. ఇప్పుడు మొదటి తప్పు ఎక్కడ అని వెదికాను. పాలు కన్నడంలో హాలు, పులి హులి, పూవు హూవు. పాత కన్నడంలో అక్కడ కూడా పకారమే ఉండేది. ఆ పిల్ల తప్పుకు కారణం అజ్ఞానం కాదు, రెండు భాషలు తెలిసి ఉండడం. ఆ సూత్రం ఒక్కటి చెప్పగానే ఆ జాతి తప్పులన్నీ ఒకేసారి పోయాయి. తరగతికి కన్నడమూ, తెలుగూ అక్కాచెల్లెళ్ళన్న పాఠం కూడా దొరికింది.

ఇప్పుడు మా పిల్లలందరికీ తప్పుల చిట్టా అనే సన్నని పుస్తకం ఒకటి ఉన్నది. తేదీ, ఏ పాఠంలో, ఏమి వ్రాశాను, ఏమి వ్రాయాలి, ఎందుకు అలా వచ్చింది అని అయిదు గళ్ళు. పేరు మాత్రం అట్టమీదనే. లోపల ఎవరికీ నింద లేదు. అన్ని తప్పులకూ ఒకే ఎరుపు వేయడం మానివేశాను. అర్థం చెడితే ఎరుపు, తలకట్టు జారితే పెన్సిలు గీత చాలు. ఒత్తులన్నీ సరిగా వ్రాసి భావం లేని వ్యాసం కంటె, నాలుగు ఒత్తులు తప్పి అవ్వ మాట పలికే వ్యాసం మేలని నాకు ఇప్పుడు అనిపిస్తున్నది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో కంప్యూటరు ఆగిపోతే పిల్లవాడి వైపు చూడకముందు దాని చిట్టా వైపు చూడండి. విండోస్ వాడేవారికి ఈవెంట్ వ్యూయర్ అనే చోట ఇదే సంగతి దొరుకుతుంది. ఉపాధ్యాయులకు మరొక మనవి. మీ తరగతిలో ఒకే తప్పు పదిమందిలో కనబడితే, వారి పేర్లు వ్రాసుకొనకముందు మొదటి తప్పు ఎక్కడ ఉన్నదో వెదకండి. అది మన పాఠంలోనే ఉండవచ్చు.

మీ బడులలో పిల్లల తప్పులకు కారణాలు వెదికే పద్ధతులేవైనా ఉంటే తెలియజేయగలరు. నాకు, మా పిల్లలకు ఉపయోగపడుతాయి.

సెలవు.