దాచవద్దు సోదరీ

రొమ్ములోని గడ్డ తరచుగా నొప్పి పుట్టింపదు. అందుచేత మన స్త్రీలనేకులు సిగ్గుపడి దాచుకొందురు. స్నానము చేయుచుండగా నా చేతికి గడ్డ తగిలెను. ఆ రాత్రియే మావారితో చెప్పితిని. ఆయన ప్రార్థించి, మరునాడు వైద్యురాలియొద్దకు తీసికొనిపోయిరి. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించి, క్యాన్సరనిరి. ఆరంభదశ గనుక రొమ్మంతయు తీయక గడ్డను మాత్రమే తొలగించి, కిరణచికిత్స చేసిరి. ఆ వారములన్నియు కోడలే వంట చూచుకొనెను.

12 ఏండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ జనులయెదుట ప్రభువుతో సమస్తమును చెప్పుకొనెను; ఆయన ఆమెను సిగ్గుపరచలేదు. విశ్వాసులు వ్యాధిని దాచనక్కరలేదు.

30 ఏండ్లు దాటిన స్త్రీలకు 5 ఏండ్లకొకసారి రొమ్ముపరీక్ష చేయవలెనని భారత ప్రభుత్వము 2016లో మార్గదర్శకములిచ్చెను. సోదరీ, గడ్డ తగిలినయెడల ప్రార్థించుము. ఆ దినమే ఇంటివారితో చెప్పి వైద్యునికి చూపించుకొనుము.