సెలవుల వారము - సముద్రతీరపు పానశాలలు

పరదేశమున చదువుకొను బిడ్డలు గల తల్లులకు మార్చి మాసము రాగానే కొంత కలవరము కలుగుట నేడు మన యిండ్లలో సాధారణమైనది. ఆ దినములలో అమెరికా దేశపు విశ్వవిద్యాలయములు చాలవఱకు ఒక వారము సెలవిచ్చును. దానిని వారు స్ప్రింగ్ బ్రేక్ అందురు; వసంతకాలపు విరామమని మనము చెప్పుకొనవచ్చును. ఇల్లు చేరువగా నున్నవారు ఇంటికి బోవుదురు. కొందఱు గదులలోనే యుండి పాఠములు చూచుకొందురు. పలువురు జట్లుగా గూడి సముద్రతీరములకు బయలుదేఱుదురు. బిడ్డ టెలిఫోనులో "మయామీ వెళ్లుచున్నాము" అనియో, "కాన్కూన్ వెళ్లుచున్నాము" అనియో చెప్పినప్పుడు తల్లి "జాగ్రత్త తల్లీ" యని మాత్రమనును. దేనినుండి జాగ్రత్తపడవలెనో ఆమె యెఱుగదు. బిడ్డయు విప్పి చెప్పదు. ఆ యూళ్లలో రాత్రివేళ నేమి జరుగునో, ఆ వర్తకమెట్లు నడచునో మన సోదరీమణులు తెలిసికొనుట మేలని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ యాచారము పుట్టినది మద్యశాలలో గాదు, ఈతకొలనులో. ఫ్లారిడా రాష్ట్రమున ఫోర్ట్ లాడర్‌డేల్ అను పట్టణమున 1928లో సముద్రపు టొడ్డున నొక గొప్ప యీతకొలను గట్టిరి. ఉత్తరపు రాష్ట్రములలో మంచు గురియు కాలమున కోల్గేటు విశ్వవిద్యాలయపు ఈతజట్టు అభ్యాసమునకై అచ్చటికి వచ్చెను. 1938 నాటికి పెక్కు కళాశాలల యీతగాండ్రు ఏటేట గూడుట మొదలయ్యెను. ఆ సంవత్సరమే తీరవీథిలో ఎల్బో రూమ్ అను బారును గూడ తెఱచిరి. ఆ యూరి సెలవులను గుఱించి 1960లో ‘వేర్ ది బాయ్స్ ఆర్’ అను చలనచిత్రము వచ్చిన పిమ్మట దేశము నలుమూలల విద్యార్థులకు ఆ పేరు నోట బడినది. 1985లో నచ్చటికి సుమారు 3,50,000 మంది వచ్చిరి.

ఊరివారు తుదకు విసిగిరి. తెఱచిన సీసాతో వీథిలో తిరుగరాదని శాసనము చేసిరి. విద్యార్థులిక రావలదని నగరాధ్యక్షుడే బాహాటముగ జెప్పెను. అంతకు ముందే, 1984లో, అమెరికా ప్రభుత్వము 21 యేండ్లు నిండనివారికి మద్యమమ్ము రాష్ట్రములకు రహదారుల ద్రవ్యము తగ్గింతుమని చట్టము చేసెను. 1988 నాటికి అన్ని రాష్ట్రములును ఆ వయస్సునకు లోబడినవి. అయినను విద్యార్థుల గుంపు మాయము కాలేదు. అది డేటోనా బీచికి బోయెను. పిదప పనామా సిటీ బీచికి బోయెను. అచ్చటివారును 2016 మొదలు మార్చి మాసమున ఇసుకపై మద్యము త్రాగరాదని కట్టుదిట్టము చేసిరి. 2024లో మయామీ బీచి నగరము ఈ సెలవులతో తమకిక పొత్తు లేదని ప్రకటనలు వేయించెను. ఒక యూరు తలుపు వేసినకొలది గుంపు మఱియొక యూరి తలుపు తట్టుచు, సముద్రము దాటి మెక్సికో దేశపు కాన్కూనునకును జేరినది. మెక్సికోలో మద్యము కొనుటకు 18 యేండ్లు నిండిన జాలును. కళాశాలలో జేరిన పిల్లలలో సగముకంటె నెక్కువ మంది 18కిని 22కిని నడుమ వయస్సువారే గదా! తమ దేశమున చట్టము నిషేధించిన దానిని విమానమెక్కి కొన్ని గంటలు పోయిన చట్టప్రకారమే పొందవచ్చునన్నచో, ఆ యూరి యాకర్షణ యేమో వేఱుగ జెప్పనక్కఱలేదు.

కాన్కూను ప్రాచీన నగరము గాదు. 1969లో మెక్సికో ప్రభుత్వపు బ్యాంకు యాత్రికులకై యొక క్రొత్త పట్టణము నిర్మింప నిశ్చయించి, జనసంచారము మిక్కిలి తక్కువగానున్న ఆ తీరమును ఎంచుకొనెను. 1970లో పని యారంభమయ్యెను. 1974లో మొదటి హోటళ్లు తెఱచిరి. ఒకవైపు కరీబియను సముద్రము, మఱియొకవైపు నిచుప్తే అను ఉప్పునీటి సరస్సు. నడుమ 7 అంకె యాకారమున ఇరువది కిలోమీటరులకు మించిన సన్నని యిసుకదిబ్బ. ఆ దిబ్బమీదనే హోటళ్లన్నియు గలవు. అంకె వంపు తిరుగుచోట నైట్‌క్లబ్బులు, బారులు ఒకదాని ప్రక్క నొకటి గుమిగూడియున్నవి.

మేము మా కుమారుని కుటుంబముతో చిచెన్ ఈట్జా శిథిలములు చూడబోవుచు ఆ దిబ్బపై మూడు రాత్రులు బస చేసితిమి. తటస్థించినది మార్చి మాసము. పగలు ఆ వంపువీథి నిద్రించుచున్నట్లుండెను. మెట్లు కడుగువారు, మంచుగడ్డల సంచులు మోయువారు తప్ప జనులు లేరు. రాత్రి పది గంటలకు అదే వీథి మన కోటప్పకొండ తిరునాళ్లవలె క్రిక్కిఱిసెను. ప్రతి వాకిటను అంగడివాండ్రు నిలిచి, బేరమాడి, రుసుము పుచ్చుకొని, మణికట్టునకు రంగు కాగితపు పట్టీ యొకటి తగిలించుచుండిరి. ఆ పట్టీ యున్నవారికి ఆ రాత్రియంతయు లోపల అడిగినంత మద్యము పోయుదురు. దీనిని ఓపెన్ బారు అందురు. కొన్నిట పాటగాండ్రు, గారడీ విద్యలవారు గూడ నుందురు. 1994 నాటి ‘ది మాస్క్’ చలనచిత్రములోని క్లబ్బు పేరు పెట్టుకొన్న కోకో బాంగో అనునది తీగలమీద వ్రేలాడి చేయు విన్యాసములకు పేరుగాంచినది.

సోదరీమణులు ఈ పట్టీ లెక్కను కొంచెము యోచింపవలెను. గ్లాసు గ్లాసునకు వెల యిచ్చినచో, చేతిలో డబ్బు తఱుగుచుండుట చూచియైన మనుష్యుడు ఆగును. ముందే వెల చెల్లించినవాడు "ఇచ్చిన సొమ్ము రాబట్టుకొందము" అని త్రాగును. ఇంటిలో చిల్లర లెక్క వ్రాసుకొను మనకు ఈ మర్మము తేటతెల్లమే: లెక్క లేనిచోట ఖర్చు పెరుగును. ఇచ్చట ఖర్చగునది సొమ్ము గాదు, తెలివి. పైగా ఆ సంగీతపు హోరులో ప్రక్కవారి మాట వినబడదు. స్నేహితురాలి మాట తడబడుచున్నదో లేదో తెలియు మార్గము గూడ లేకుండబోవును.

అయినను చూచినదంతయు చెడ్డయని వ్రాయుట న్యాయము గాదు. ఏడాది పొడవున గ్రంథాలయములలో కూర్చున్న పిల్లలు నవ్వుచు, ఆడుచు, పాడుచు తిరుగుట చూడ ముచ్చటగనే యుండెను. ఆ గుంపులో మాకు తెలుగు మాటలు వినబడినవి. ఐదుగురు ఆడపిల్లలు ఒక వాకిటనుండి వెలికి వచ్చిరి. వారిలో నొకతె నీళ్లసీసా చేతబట్టుకొని, తక్కినవారి సంచులన్నియు భుజమునకు తగిలించుకొని, "ఒకటి, రెండు, మూడు" అని తలలు లెక్కపెట్టి కాని కారు పిలువలేదు. ఆమె యెవరి బిడ్డయో తెలియదుగాని, ఆ తల్లికి మనసులోనే నమస్కరించితిమి.

మఱుసటి యేడు మా అక్కయ్య కుమార్తె అమెరికానుండి మాకు ఫోను చేసెను. "పిన్నీ, నలుగురము కాన్కూను వెళ్దామనుకొంటున్నాము. అమ్మతో మాత్రము చెప్పవద్దు" అనెను. ఆమెకు 22 యేండ్లు. మేము, "దాచుట మా వలన గాదమ్మా, అయితే మీ అమ్మతో నీ పక్షమున మాటలాడెదము" అని చెప్పితిమి. కొంతసేపు మౌనముగ నుండి, పిల్ల సరే యనెను.

మా అక్కయ్య నెల్లూరు జిల్లాలో కాపురమున్నది. 1992లో దూబగుంట స్త్రీలు సారాయి దుకాణముపై తిరుగబడినప్పుడు చుట్టుప్రక్కల గ్రామములలో ఊరేగిన యాడువారిలో ఆమెయు నొకతె. సంగతి వినగానే, "సారాయిని మా వీథినుండి చీపుళ్లతో తఱిమితిమి. నా కూతురు టిక్కెట్టు కొనుక్కొని దానిని వెదకికొంటూ పోవునా?" అని కంట నీరు పెట్టెను. ఆ మాటకు మాకు వెంటనే బదులు తోచలేదు. ఆ పోరాటము వలన 1993లో సారాయి యమ్మకము ఆగినది. 1995లో ఆంధ్ర దేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో దానిని సడలించిరి. కూలి డబ్బు ఇల్లు చేరకపోవుట, దెబ్బలు తినుట ఆ స్త్రీలకు తెలుసును గనుకనే వారు గెలిచిరి. తమ కష్టమును నలుగురిలో నోరు తెఱచి చెప్పుటయే వారి బలము. అక్కయ్యతో మేమదే యంటిమి: "అక్కయ్యా, నీవు నాడు నోరు తెఱచి మాటలాడితివి. నేడు కూతుఁతోడను అట్లే మాటలాడుము. వలదన్నచో అది మానునో మానదో మన మెఱుగము. చెప్పకుండ పోయినచో, ఆపద వచ్చిననాడు మొదట దాచవలసినది నీకే యని తలంచును. ఆ దాపరికమే దానికి అపాయము."

రెండు దినములు ఆలోచించి అక్కయ్య కూతురితో తానే మాటలాడెను. ఆ సంభాషణకు ఉపయోగపడునని మేము వైద్యులవలనను, అనుభవజ్ఞులవలనను తెలిసికొన్న విషయములను వ్రాసి పంపితిమి. అవి యితర తల్లులకును పనికివచ్చును.

మన దేహము ఒక గంటకు ఇంచుమించు ఒక పాత్ర మద్యమును మాత్రమే జీర్ణించుకొనగలదు. ఒక పాత్రయన 14 గ్రాముల శుద్ధమైన ఆల్కహాలని లెక్క. స్త్రీల దేహమున నీటి భాగము తక్కువ గనుక, సమానమైన బరువుగల పురుషునికంటె స్త్రీకి అదే పాత్ర యెక్కువగా తలకెక్కును. కాఫీయు, చన్నీళ్ల స్నానమును దానిని దింపజాలవు, కాలమొక్కటే దింపును. లేపిన లేవకున్నను, నిమిషమునకు ఎనిమిదికంటె తక్కువ సార్లు ఊపిరి తీసినను, చర్మము చల్లబడి నీలివన్నె తిరిగినను అది నిద్ర గాదు, విషము. అట్టివారిని పండుకొననిచ్చి పోరాదు. ప్రక్కకు ఒత్తిగిల జేసి, వాంతి గొంతున అడ్డుపడకుండ జూచుచు, 911కు ఫోను చేయవలెను. మెక్సికోలోను, అమెరికాలోను ఆ సంఖ్య యొక్కటే.

గ్లాసును కన్నెదుటనే పోయించుకొనవలెను. విడిచిపోయిన గ్లాసును మరల ముట్టరాదు. రాత్రి నలుగురిలో నొకతె త్రాగకుండ నుండవలెను. ప్రతి రాత్రియు ఆ వంతు మాఱవచ్చును. కూడి పోయినవారు కూడియే రావలెను. చీకటిలో సముద్రమున దిగరాదు. పగటివేళ నైనను ఎఱ్ఱజెండా గాని నల్లజెండా గాని యెగురుచున్నచో నీటికి దూరముగ నుండవలెను. ఆ తూర్పు తీరమున లోనికి లాగు ప్రవాహములు బలమైనవి. ఇక కాగితముల సంగతి. చెల్లుబాటులోనున్న అమెరికా వీసా గల మన దేశీయులకు మెక్సికో వీసా వేఱుగ నక్కఱలేదు. తిరిగి వచ్చునప్పుడు ఐ-20 పత్రముపై కళాశాలవారి ప్రయాణపు సంతకము కావలెను. నిబంధనలు మాఱుచుండును గనుక ప్రతి ప్రయాణమునకు ముందును చూచుకొనవలెను. అమెరికాలో త్రాగి కారు నడిపి పట్టుబడినచో వీసా రద్దగుట కూడ కలదని పిల్లలకు తప్పక చెప్పవలెను.

పిల్ల వెళ్లి వచ్చెను. రెండు రాత్రులు క్లబ్బులకు పోయినదనియు, మూడవ రాత్రి తన వంతు గనుక నీళ్లు త్రాగి కూర్చున్నదనియు తానే తల్లితో చెప్పెను. ప్రతి ఉదయము ఆమె చేసిన ఫోనులో అక్కయ్యకు నచ్చని మాటలు గూడ కొన్ని యుండెను. ఆమె వాటిని వినెను, గద్దింపలేదు. మా అక్కయ్య నేటికిని మద్యమును ద్వేషించును. ఆ ద్వేషము న్యాయమైనదే. మాకును అదే యభిప్రాయము.

కావున సోదరీమణులారా, రాబోవు మార్చికి ముందే, విమానపు టిక్కెట్టు కొనకమునుపే, మీ పిల్లలతో ఈ సంగతులు మాటలాడుడు. ఆడపిల్లలతోనే గాదు, మగపిల్లలతోను మాటలాడుడు. త్రాగవలదను మీ కోరికను దాపరికము లేక చెప్పుడు. దానితోపాటు, ఏ యర్ధరాత్రి యైనను, ఏ స్థితిలో నున్నను, మీకు ఫోను చేయవచ్చుననియు, ఆ వేళ నింద యుండదనియు మాట యిండు. ఇచ్చిన మాట నిలుపుకొనుడు.