విమానం రెక్క మన గుడ్డే

విమానాల గురించి వీడు రాయడమేమిటి అని చదివేవాళ్లు నవ్వవచ్చు. నేను అయిదో క్లాసు వరకు చదివినవాణ్ణి. ఇరవై మూడేండ్లు మిల్లులో లూము నడిపినవాణ్ణి. ఇంతవరకు విమానం ఎక్కలేదు, ఎక్కుతానన్న ఆశా లేదు. అయినా మొన్న బెంగుళూరులో హెచ్.ఏ.ఎల్. విమానాల మ్యూజియం చూసి వచ్చినాక మన మిల్లు కుటుంబాలకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఎందుకంటే అక్కడ మన పని కూడా ఉంది.

మా నాయన మడకశిర దిక్కునుంచి బెంగుళూరు వచ్చి మిల్లులో చేరినాడు. నేను ఈ ఊర్లోనే పుట్టినాను. చిన్నప్పుడు మా లైను ఇండ్ల మీద జెట్టు విమానం పోతే రేకులు గడగడ వణికేవి. పిల్లలమంతా బయటికి పరుగు తీసేవాళ్లం. నైట్ షిఫ్టు చేసి పడుకున్న నాయన ఆ మోతకు లేచినా కోప్పడేవాడు కాదు. "అది మన ఊర్లో చేసిన విమానంరా. మనలాంటి పనోళ్లే చేసినారు" అనేవాడు. ఆ మాటలో ఆయనకు ఎంత గొప్పో. మిల్లులో నేసిన గుడ్డ గురించి మాత్రం ఆయన అట్లా చెప్పగా నేను వినలేదు.

మ్యూజియానికి ముగ్గురం పోయినాం. నేను, నా కూతురు, మనవరాలు. మనవరాలు ఎస్.ఎస్.ఎల్.సి. పాసయింది. మెకానికల్ డిప్లొమా చదువుతానని పట్టు పట్టింది. చుట్టాలందరూ ఆడపిల్లకు మిషన్ల చదువెందుకు, ఫీజెవరు కడతారు, అమ్మతో పాటు గార్మెంట్సుకు పంపండి అని చెప్తా ఉన్నారు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. "తాతా, ముందు నాతో వచ్చి చూడు, తర్వాత చెప్పు" అని పిల్లే బయలుదేరదీసింది. కూతురు గార్మెంట్సులో ఒక రోజు లీవు పెట్టి వచ్చింది.

అక్కడ కన్నడ బోర్డులు నేను కూడబలుక్కుని చదివినాను, ఇంగ్లీషువి మనవరాలు చదివి చెప్పింది. ఒక బెంచీ మీద నా వయసాయనే కూర్చుని ఉన్నాడు. రేకు పని చేసి రిటైరైనాడంట. నేను మిల్లులో వీవర్ననగానే ఆయన నవ్వి, "అయితే మొదటి విమానాలు మీవే" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నా. కాదు, నిజమే.

అమెరికాలో రైట్ అన్నదమ్ములు 1903 డిసెంబరు 17న ఎగిరిన విమానానికి రెక్కలు రేకుతో చేసినవి కావు. కొయ్య చట్రం మీద మస్లిన్ నూలుగుడ్డ బిగించినారు. ఆ గుడ్డ రెక్క మీద మనిషి 12 సెకన్లు గాలిలో నిలిచినాడు. మన దేశంలో 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమునా నది దాటి నైనీకి విమానంలో టపా పోయింది. అదీ గుడ్డ రెక్కల విమానమే. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూకు టపా తెచ్చినాడు. ఆ పుస్ మాత్ విమానానికి కూడా కొయ్య రెక్కలు, వాటి మీద గుడ్డ. బొంబాయి నుంచి ఆ టపా బళ్లారి మీదుగా మద్రాసు పోయింది. మన బళ్లారి తెలుగు వాళ్ల తాతలు తలెత్తి చూసి ఉంటే, ఆకాశంలో పోయేది గుడ్డ అని వాళ్లకు తెలిసి ఉండదు.

గుడ్డ గాలికి చిరగదా అని అడిగినాను. ఆయన చెప్పినాడు. గుడ్డను చట్రానికి కుట్టి, దాని మీద డోపు అనే వార్నిషు పూతలు పూతలుగా పూస్తారంట. అది ఆరేకొద్దీ గుడ్డ డోలు చర్మంలాగా బిగుసుకుంటుంది, గాలి లోపలికి పోదు. పడుగుకు సైజింగులో మనం గంజి పెట్టినట్టే. ఇంకో సంగతి, ఆ డోపు చేసే సెల్యులోజు కూడా దూదిలోనుంచి తీసేదేనంట. అంటే రెక్కా దూదే, దాని పూతా దూదే. అది విని నా చేతులు నేనే ఒకసారి చూసుకున్నాను.

బెంగుళూరులో విమానాల పని ఎట్లా మొదలైందో కూడా అక్కడ తెలిసింది. వాల్‌చంద్ హీరాచంద్ అనే షోలాపూరు పారిశ్రామికవేత్త, మైసూరు సంస్థానం సాయంతో 1940 డిసెంబరులో హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టినాడు. అప్పుడు యుద్ధకాలం. ముందు రిపేర్లు, ఆ తర్వాత సొంత తయారీ. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేండ్లకే, 1951లో, వి.ఎం. ఘాటగే గారి డిజైనుతో హెచ్.టి.-2 అనే విమానం ఎగిరింది. పైలట్లకు డ్రైవింగు నేర్పే విమానం అది. 1958లో పుష్పక్ అనే చిన్న విమానం వచ్చింది. ఇద్దరు కూర్చునేది, దానికీ గుడ్డ తొడుగే. అట్లాంటివి 150కి పైగా చేసి దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు ఇచ్చినారు. ఎంతోమంది పైలట్లు గుడ్డ రెక్కల మీదే మొదట ఎగరడం నేర్చినారు.

తర్వాత మారుత్ ముందుకు పోయినాం. నాకు గుండె ఆగినట్టయింది. చిన్నప్పుడు మా రేకులు వణికించినది ఇదేనేమో! సన్నగా, కోసుగా, ఎంత అందంగా ఉందో. జర్మనీలో పేరు మోసిన డిజైనరు కుర్ట్ టాంక్ 1956లో మన దేశానికి వచ్చి, మన ఇంజనీర్లను, పనోళ్లను పెట్టుకుని దీన్ని తయారు చేసినాడు. 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. నడిపినవాడు సురంజన్ దాస్. 1970 జనవరిలో ఆయన మారుత్ పరీక్ష చేస్తూనే బెంగుళూరులో కూలిపోయి చనిపోయినాడు. ఆ రోడ్డు మీద బస్సులో నేను ఎన్నిసార్లు పోయినానో, అది ఎవరి పేరో నాకు అంతవరకు తెలియదు. మీరు సురంజన్ దాస్ రోడ్డులో దిగితే ఆయనను ఒకసారి తలుచుకోండి.

మారుత్‌లు మొత్తం 147 చేసినారు. 1971 యుద్ధంలో రాజస్థాన్ దిక్కున పనిచేసినాయి. అయినా ఆ విమానం కథలో ఒక బాధ ఉంది. దాని ఒళ్లు ధ్వని వేగానికి రెండింతలు పోయేటట్టు గీసినారు. దానికి అనుకున్న బలమైన ఇంజను ఇంగ్లండులో తయారవుతూ మధ్యలో నిలిచిపోయింది. పూర్తి చేయడానికి డబ్బు పెట్టమంటే మన దేశం పెట్టలేదు. చివరికి చిన్న నాట్ విమానానికి వాడే జాతి ఇంజన్లే రెండు పెట్టినారు. ఒళ్లు బాగుంది, ఊపిరి చాల్లేదు. ధ్వని వేగం దగ్గరే ఆగిపోయింది. 1990లో దాన్ని పని నుంచి తీసేసినారు.

ఆ రేకు పనాయన చెప్పిన మాట ఇది: "మా చేతి పనిలో తప్పు లేదు సార్. ఇంజను ఇవ్వలేదు, అంతే."

ఆ మాట వినేటప్పుడు నా కూతురు నా పక్కనే ఉంది. నేను ఆమె ముఖం చూడలేకపోయినాను. ఎందుకో మీకు చెప్పాల.

1999లో మా మిల్లు మూతపడింది. మీలో చాలామంది ఇండ్లలో జరిగిన కథే కాబట్టి ఎక్కువ చెప్పను. ఆ ఏడే నా కూతురు ఎస్.ఎస్.ఎల్.సి. పాసయింది. లెక్కల్లో మంచి మార్కులు. పాలిటెక్నిక్‌కు అప్లికేషన్ తెచ్చుకుని, రాసుకుని, నా సంతకం కోసం రెండు వారాలు వెంట తిరిగింది. నేను పెట్టలేదు. చేతిలో డబ్బు లేదన్నది నిజమే. అప్పు పుట్టేది, తిరిగి ఉంటే. నేను తిరగలేదన్నది కూడా నిజమే. ఆడపిల్లే కదా అనుకున్నా. ఆమెను గార్మెంట్సులో చేర్చినాను. అప్పటినుంచి చొక్కాలకు కాలర్లు కుడుతూనే ఉంది. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు, తిట్టలేదు.

మారుత్ పక్కనే కిరణ్, అజీత్, మిగ్-21 చూసినాం. మిగ్-21 రష్యా వాళ్ల డిజైను. 1963లో మన వైమానిక దళంలో చేరింది. నాసిక్‌లో విమానం ఒళ్లు, ఒడిశాలోని కోరాపుట్‌లో ఇంజను, హైదరాబాదులో లోపలి ఎలక్ట్రానిక్ సామాను తయారయ్యేవి. మహారాష్ట్రలో, ఒడిశాలో ఉన్న మన పాఠకులు గమనించండి, ఆ విమానం మీ ఊర్ల పక్కనే పుట్టింది. అరవై ఏండ్లకు పైగా పని చేసి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో రిటైరైంది. మనం 58 ఏండ్లకే అలిసిపోతాం!

ఇప్పుడు ఎగిరేది తేజస్. దాని పని 1983లో మొదలైంది. ఒడిశాలోని బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు ఏండ్ల తరబడి దాని కార్యక్రమానికి పెద్దగా ఉన్నారు. 2001 జనవరి 4న బెంగుళూరు ఆకాశంలోనే మొదటిసారి ఎగిరింది. 2016 జూలైలో వైమానిక దళంలో చేరింది.

తేజస్ దగ్గర రేకు పనాయన మళ్లీ నన్నే చూసి, "ఇది మళ్లీ మీదే" అన్నాడు. ఎట్లాగంటే దాని ఒంటిమీద పైకి కనబడేదాంట్లో చాలా భాగం రేకు కాదంట, కార్బన్ ఫైబర్ అంట. ఫైబర్ అంటే పోగే కదా. ముందు ఆక్రిలిక్ జాతి పోగు తీస్తారు. స్వెట్టర్లలో వాడే ఆక్రిలిక్ మనకు తెలిసిందే. దాన్ని మండిపోకుండా జాగ్రత్తగా ఎక్కువ వేడిలో కాల్చి, బొగ్గు ఒక్కటే మిగిలేటట్టు చేస్తారు. ఆ పోగులను పొరలు పొరలుగా పరిచి, రెజిన్ అనే జిగురు పట్టించి, ఆటోక్లేవు అనే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో ఉడికిస్తారు. అప్పుడది ఇనుమంత గట్టి, అయినా తేలిక.

పోగుకు పొడుగునే బలం, అడ్డానికి ఉండదు. అందుకే ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం, ఒక పొర ఏటవాలు పరుస్తారంట. పడుగు, పేక! ఐమూలగా లాగితే గుడ్డ సాగుతుందని మనకు లూము ముందర నిలబడిన మొదటి వారంలోనే తెలుస్తుంది. నా మనవరాలికి నా టవలు చూపించి, నిలువున లాగి, అడ్డం లాగి, మూలకు లాగి ఆ సంగతి చెప్పినాను. "తాతా, ఇది నీకెట్లా తెలుసు?" అని అడిగింది. నన్ను ఆ పిల్ల అట్లా అడగడం అదే మొదటిసారి.

ఇంత చేసినా తేజస్‌కు కూడా ఇంజను మనది కాదు, అమెరికా నుంచి రావాల. కావేరి అని మన ఇంజను ఒకటి బెంగుళూరులోనే చేస్తూ వచ్చినారు, అది తేజస్‌కు కుదరలేదు. కొత్త తేజస్‌లకు ఇంజన్లు వచ్చేది ఆలస్యమై పని వెనకబడింది. మారుత్ రోజుల్లో పడిన బాధే మళ్లీ. మంచి ఒళ్లు తయారు చేయడం ఒకటి, దాన్ని నడిపించేది సమయానికి సమకూర్చడం ఇంకొకటి.

తిరిగి వచ్చేటప్పుడు బస్‌స్టాపులో కూతురు మెల్లగా అన్నది. "నాయనా, ఆ అప్లికేషన్ ఇంకా నా పెట్టెలోనే ఉంది."

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. "తప్పు చేసినాను తల్లీ" అన్నాను. ఇన్నేండ్లకు ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. బస్సు వచ్చింది, ఎక్కినాం. సీటు దొరికితే నన్ను కూర్చోబెట్టి తను నిలబడింది.

మిల్లు మూసినప్పుడు వచ్చిన డబ్బులో మిగిలిన కొంచెం నా ఆస్పత్రి ఖర్చుకని బ్యాంకులో వేసి ఉంచినాను. మరుసటి వారం పోయి దాన్ని తీసేసి మనవరాలి డిప్లొమాకు కట్టినాను. అప్లికేషన్ మీద నా కూతురే సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు పెన్నును చాలాసేపు పట్టుకుని ఉండింది.

ఆ పిల్ల విమానాలే చేస్తుందో, ఇంకేం చేస్తుందో నాకు తెలియదు. చుట్టాలు ఇంకా సణుగుతూనే ఉన్నారు. సణగనీ. మీకు నేను చెప్పేది రెండే మాటలు. బెంగుళూరు వచ్చినప్పుడు పిల్లలను తీసుకుని ఆ మ్యూజియం చూపించండి, మన చేతి పని ఎంత దూరం పోయిందో వాళ్లకు చెప్పండి. రెండోది, మీ ఇంట్లో ఏ పిల్లదైనా కాగితం మీ సంతకం కోసం ఎదురు చూస్తా ఉంటే, ఈ నెల పత్రిక పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.