హారో ఈస్ట్ ఓటర్లు

లండన్‌కు వాయవ్యంగా, నగరం అంచున హారో ఈస్ట్ అనే పార్లమెంటు నియోజకవర్గం ఉంది. మా అబ్బాయి కాపురం అక్కడే. 2024 వేసవిలో నేనూ, మా ఆవిడా వాడి దగ్గర మూడు నెలలున్నాం. జులై 4న పార్లమెంటు ఎన్నికలు కూడా మేమున్నప్పుడే జరిగాయి.

రైలు వల్ల పెరిగిన ప్రాంతమది. ఒకప్పుడు పొలాలు, చిన్న ఊళ్ళు. లండన్ నుంచి రైలు వచ్చాక, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, నడిమి గోడ పంచుకునే జంట ఇళ్ళు వీధులకు వీధులే లేచాయి. స్టాన్‌మోర్ దాకా 1932లో రైలు వేశారు. పగలు నగరంలో ఉద్యోగం, సాయంత్రం ఇంటి వెనుక తోటలో మొక్కలు. అలాంటి కుటుంబాలు కన్సర్వేటివ్ పార్టీ వైపు మొగ్గేవి. 1970 నుంచి 1997 దాకా ఆ పార్టీకి చెందిన హ్యూ డైక్సే అక్కడి ఎం.పి.

1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి వెళ్ళగొట్టిన గుజరాతీలు చాలామంది ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. తరవాత శ్రీలంక తమిళులు, మనవాళ్ళు వచ్చారు. 2021 జనాభా లెక్కల ప్రకారం హారో పురంలో నాలుగోవంతుకు పైగా హిందువులే.

వలస వచ్చినవారి ఓటు లేబర్ పార్టీదేనని పాత లెక్క. 1997లో లేబర్ అభ్యర్థి టోనీ మెక్‌నల్టీ గెలిచారు కూడా. 2010లో బాబ్ బ్లాక్‌మన్ ఆ సీటును మళ్ళీ కన్సర్వేటివ్‌లకు తెచ్చారు. 2017లో ఆయన మెజారిటీ 1,757 మాత్రమే. 2024లో దేశమంతా లేబర్ గాలి వీచి కన్సర్వేటివ్‌లు 121 సీట్లకు పడిపోతే, ఆయన మెజారిటీ 11,680కి పెరిగింది. పోలైన ఓట్లలో సగానికి మించి ఆ పార్టీకి పడిన నియోజకవర్గం దేశం మొత్తంమీద అదొక్కటే! పక్కనున్న హారో వెస్ట్‌లో మాత్రం 1997 నుంచి లేబరే గెలుస్తోంది. ఒకే గుడికి వెళ్ళేవాళ్ళంతా ఒకే గుర్తుకు ఓటేస్తారనుకోవడానికి లేదన్నమాట.

మా వాడిది భారత పాస్‌పోర్టే. అయినా కామన్‌వెల్త్ దేశస్థుడు, అక్కడ నివాసం ఉంటున్నవాడు కాబట్టి ఓటు హక్కుంది. కాగితంమీద పెన్సిలుతో గుర్తు పెట్టి వచ్చాడు. వేలికి సిరా లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఓట్ల లెక్క కాదు, ఒక బడి. ప్రభుత్వ నిధులతో నడిచే బ్రిటన్‌లోని మొదటి హిందూ పాఠశాల, కృష్ణ అవంతి, 2008లో హారోలోనే మొదలైంది. ఆ ఊరికి వచ్చి అప్పటికి నలభై ఏళ్ళయినా నిండని వాళ్ళు, తమ పిల్లలకు కావలసినదేమిటో నిర్ణయించుకుని, అడిగి, సాధించుకున్నారు.

బరంపురంలో మాది నాలుగో తరం. ఎన్నికలప్పుడు మా వీధికి వచ్చే అభ్యర్థులు చక్కని తెలుగులోనే పలకరిస్తారు. మనం మురిసిపోతాం. తెలుగు పంతులుగారు రిటైరైతే ఆ ఖాళీలో ఎవరొస్తారని మాత్రం అడగం. ఎవరి ఓటు వారిష్టం. కాని ఈసారి గుమ్మంలోకి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవారైనా సరే, ఆ ఒక్క ప్రశ్న అడుగుదాం.