మేఘాలకు కాపలా: హైటెక్ సిటీలో రెండు రోజులు

హైటెక్ సిటీ అంటే మనలో చాలామందికి పిల్లలు ఉద్యోగాలు చేసే చోటు, అంతే. పొద్దున్నే క్యారియర్ కట్టి పంపిస్తాం, రాత్రయితే ఎప్పుడొస్తారా అని గుమ్మం వైపు చూస్తాం. ఆ అద్దాల మేడల్లో వాళ్లు చేసే పనేమిటని ఎవరైనా అడిగితే మాత్రం "ఏదో కంప్యూటర్ పనిలెండి" అనేసి ఊరుకుంటాం. ఆ పనిలో ఒక ముక్కను దగ్గరుండి చూసే అవకాశం నాకు 2025 ఆగస్టు 6, 7 తేదీల్లో కలిగింది. హైదరాబాద్ అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో, అదే అందరూ హెచ్.ఐ.సి.సి. అనే చోట, 'క్యూబ్‌కాన్ ఇండియా' అనే పెద్ద సభ జరిగింది. మన దేశంలో ఇది రెండోసారి. మొదటిది 2024 డిసెంబరులో ఢిల్లీలో పెట్టారు. మా కోడలు పనిచేసే కంపెనీకి వచ్చిన పాసుల్లో ఒకటి మిగిలిందట. "రండి అత్తయ్యా, అర్ధరాత్రి ఫోను పట్టుకుని నేనేం చేస్తానో చూద్దురుగాని" అంది. అంతకంటేనా, బయల్దేరాను!

ఒక చివర చదువు, ఒక చివర కొలువు

అమీర్‌పేటలో మెట్రో ఎక్కామంటే యూసఫ్‌గూడ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, పెద్దమ్మగుడి, మాదాపూర్, దుర్గం చెరువు దాటుకుంటూ హైటెక్ సిటీ స్టేషన్లో దిగిపోవచ్చు. రైలు ఇక్కడిదాకా వచ్చింది 2019 మార్చిలో. అమీర్‌పేటలో ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ హాస్టళ్లలో ఉండి నాలుగు ముక్కలు నేర్చుకుని, ఇదే దారిలో ఇంటర్వ్యూలకు వెళుతుంటారు. ఒక చివర చదువు, ఇంకో చివర కొలువు, మధ్యలో అమ్మవారి గుడి! దణ్ణం పెట్టుకోవడానికి వీలుగానే వేశారు దారి అనుకున్నాను.

ఇక్కడ మొదట వెలిసింది కంప్యూటర్ మేడలు కావు సుమండీ. చేతిపనుల వాళ్ల కోసం కట్టిన శిల్పారామం 1992 నాటిది. దాని పక్కనే గుండ్రంగా కనబడే సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు ప్రారంభించారు. రెండేళ్లు తిరక్కుండానే, 2000 మార్చిలో, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి ప్రసంగించి వెళ్లాడు. ఆ రోజుల్లో చుట్టూ ఉన్నవి రాళ్లగుట్టలే. ఇప్పుడు గుట్టలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

హెచ్.ఐ.సి.సి. తెరిచింది 2006లో. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు 'ఆడవారికే అగ్రస్థానం' అన్న నినాదంతో జరిగింది ఈ భవనంలోనే. మెట్రో దిగి ఆటోలో వెళ్లాం. మెడలో పేరున్న బిళ్ల వేసి లోపలికి పంపారు.

లోపల సందడి చూడాలి! పెళ్లికి వచ్చినట్టు జనం. ఒకవైపు కంపెనీల స్టాళ్లు, వాటి ముందు రంగురంగుల స్టిక్కర్ల కోసం చిన్నపిల్లల్లా ఎగబడే ఇంజనీర్లు. గోడవారగా ప్లగ్గు కనబడ్డ ప్రతిచోటా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నేలమీద బాసింపట్టు వేసుకున్న కుర్రాళ్లు. నా కంటికి మగపిల్లలే ఎక్కువ కనిపించారు గానీ, ఆడపిల్లలు కూడా ధైర్యంగా లేచి ప్రశ్నలు అడుగుతుంటే ముచ్చటేసింది.

ఈ మేఘం నేలమీదే ఉంది

ఎవరి నోట విన్నా ఒకటే మాట, 'క్లౌడ్'. అంటే మేఘం. మనం ఫోనులో తీసిన ఫొటోలు, బ్యాంకు లెక్కలు, గ్యాసు బుకింగు అన్నీ ఆ మేఘంలోనే ఉంటాయంటారు. నిజానికి ఆ మేఘం ఆకాశంలో లేదు. పెద్ద పెద్ద గదుల్లో బీరువాల్లాంటి అరల్లో పేర్చిన వేలాది కంప్యూటర్లే ఆ మేఘం. వాటికి రాత్రింబగళ్లు చల్లదనం కావాలి, కరెంటు పోకూడదు, పోయినా ఆ క్షణంలోనే బ్యాటరీలు, జనరేటర్లు అందుకోవాలి. సముద్రానికి దూరం, తుఫాన్ల భయం లేదు, భూకంపాల బెడదా తక్కువే. అందుకని ఇలాంటి కేంద్రాలకు మన హైదరాబాద్ అనువైన చోటయింది. అమెజాన్ వాళ్లు 2022 నవంబరులో ఇక్కడ తమ క్లౌడ్ కేంద్రాలను తెరిచారు.

మరి 'ప్రైవేటు క్లౌడ్' అంటే ఏమిటని మా కోడల్ని అడిగాను. అది క్షణం ఆలోచించి, "వీధిలో పిండిమర ఉంటుంది కదత్తయ్యా, ఎంత పట్టిస్తే అంత డబ్బు. అది అందరి క్లౌడ్. ఇంట్లో మన గ్రైండర్ ఉంటుంది, అది మన సొంత క్లౌడ్" అంది. ఇంకేం, చటుక్కున అర్థమైంది! పిండిమరకు వెళితే మిషన్ రిపేరు మన తలనొప్పి కాదు, పండగకి పది కేజీలైనా ఆడించుకోవచ్చు. కానీ మన ముందు ఎవరి మిరపకాయలు పట్టారో, మన పిండిలో ఏ ఘాటు కలుస్తుందో చెప్పలేం. ఇంటి గ్రైండరయితే ఖర్చు మనదే, బాగుచేయించుకోవడమూ మనదే, అయితే అందులో ఏం పడుతుందో మనకు తెలుసు.

బ్యాంకులు, ఆస్పత్రులు, సర్కారీ ఆఫీసులు సొంత గ్రైండర్ వైపు మొగ్గేది ఆ నమ్మకం కోసమే. డబ్బు చెల్లింపుల వివరాలు మన దేశంలోనే భద్రపరచాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది కూడా. సొంత క్లౌడ్ కట్టుకోవడానికి ఉచితంగా దొరికే సామగ్రి చాలానే ఉంది. 2010లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, రాక్‌స్పేస్ అనే కంపెనీ కలిసి మొదలుపెట్టిన ఓపెన్‌స్టాక్ ఒకటి. ఈ సభకు పేరిచ్చిన కుబెర్నెటీస్ ఇంకొకటి. దాన్ని గూగుల్ వాళ్లు 2014లో లోకానికి ఉచితంగా ఇచ్చారు. గ్రీకు భాషలో ఆ మాటకు ఓడ నడిపేవాడని అర్థమట, దాని గుర్తు కూడా చుక్కాని చక్రమే. నాకు మాత్రం పెళ్లివంటల మేస్త్రి గుర్తొచ్చాడు. ఒక పొయ్యి ఆరిపోతే గిన్నెను దించి పక్క పొయ్యి మీద పెట్టిస్తాడు చూడండి, వడ్డన ఆగదు, పంక్తిలో కూర్చున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. ఇదీ అంతే.

పదేపదే మూత తీస్తే అన్నం ఉడకదు

పొయ్యి ఆరిందని మేస్త్రికి తెలియాలి కదా! తెలియజేసేదే 'మానిటరింగ్', అంటే కాపలా. రెండు రోజుల్లో నేను ఎక్కువసేపు కూర్చున్నది ఈ ప్రసంగాల్లోనే. 2012లో ఒక పాటల కంపెనీలో పుట్టిన ప్రొమీథియస్ అనే ప్రోగ్రాము ఉంది. అది కొన్ని సెకన్లకోసారి ప్రతి కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి "వేడెంత? ఖాళీ ఎంత? పని ఎంత పడింది?" అని అడిగి రాసుకుంటుంది. గ్రఫానా అనే ఇంకోటి ఆ లెక్కల్ని గీతలుగా, మీటర్లుగా తెరమీద చూపిస్తుంది. ఏ గీతైనా హద్దు దాటితే ఆ వారం వంతు ఉన్న ఇంజనీరు ఫోను మోగుతుంది. అర్ధరాత్రయినా సరే.

ఈ కాపలా మనకెందుకు అనుకోకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ పంపిన మార్పులో లోపం వల్ల ప్రపంచంలో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు మొరాయించాయి. ఆ రోజు మన హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో దేశమంతా తిరిగింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ చెబుతాను. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న, ఫోను చెల్లింపులు ఆగిపోయాయి. కూరగాయల బండి ముందు ఎంతమంది నిలబడిపోయారో మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్‌లో జరిగినదానికి కారణం ఏమిటనుకున్నారు? బ్యాంకుల కంప్యూటర్లు "ఆ పాత చెల్లింపు ఏమైంది? ఏమైంది?" అని ఆగకుండా అడగడమేనట! ఉడికిందో లేదోనని పదేపదే మూత తీస్తే అన్నం ఉడుకుతుందా? అందుకే 2025 ఆగస్టు 1 నుంచి ఒక యాప్‌లో రోజుకి 50 సార్లకు మించి నిల్వ చూసుకోకూడదని, చెల్లింపు సంగతి అడగడానికీ మధ్యలో వ్యవధి ఉండాలని నియమం పెట్టారు. ఆ ఆగస్టు నెలలోనే ఫోను చెల్లింపులు మొదటిసారి 2,000 కోట్లు దాటాయి. అన్నం కుండ ఎంత పెద్దదో చూడండి!

వంతు మారాలి

మొదటి రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మాతోపాటు ఇద్దరు కూర్చున్నారు. విజయనగరం నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక అమ్మాయి, వరంగల్ ఆవిడ ఒకరు. ఆవిడ చేతికింద పదిమంది పనిచేస్తారట. మాటల్లో ఆ అమ్మాయి చెప్పింది. "పాపకి ఏడాది కూడా నిండలేదాంటీ. అది పడుకున్న అరగంటకి ఫోను మోగుతుంది. లేచి చూస్తే చెయ్యాల్సిందేమీ ఉండదు, దానంతటదే సర్దుకుపోతుంది. ఈలోగా పాప లేచిపోతుంది. మావారేమో సైలెంట్‌లో పెట్టెయ్యమంటారు. నిజంగా కొంప మునిగిన రోజు మోగితే?"

వరంగల్ ఆవిడ చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంది. "అలారం మోగిందంటే లేచి చెయ్యాల్సిన పని ఒకటి ఉండాలమ్మా. లేకుంటే అది అలారం కాదు, లొల్లి. మా దగ్గర ఒక నెల రోజులు మోగినవన్నీ రాసి పెట్టినం. పని లేనివన్నీ తీసేసినం. ఇప్పుడు మోగితే అందరూ నమ్ముతరు" అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఏదైనా పాడైతే ఎవరు చేశారని అడగరట. ఎలా జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చెయ్యాలి అని మాత్రమే కాగితం మీద పెడతారట. నిందపడుతుందని భయముంటే ఎవరూ నిజం చెప్పరు, నిజం తెలియకపోతే లోపం అక్కడే ఉంటుంది అని ఆవిడ మాట.

నేను అన్నం కలుపుతూ ఆలోచనలో పడ్డాను. కుక్కర్ కూతలు లెక్కపెడుతూ, పాలు పొంగకుండా చూస్తూ, గ్యాసు ఎన్నాళ్లొస్తుందో, మామగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో, పిల్లాడి ఫీజు గడువు ఎప్పుడో బుర్రలో పెట్టుకుని తిరిగే మనం చేసేది కూడా ఈ కాపలా పనే కదా! సవ్యంగా జరిగినన్నాళ్లూ ఎవరికీ కనబడదు. ఒక్కరోజు పాలు పొంగితే మాత్రం "ఇంట్లో ఉండి ఏం చేస్తున్నావ్?" అని అడుగుతారు. అయితే ఒక్క తేడా ఉంది. కంపెనీలో వారం తిరిగేసరికి కాపలా వంతు ఇంకొకరికి మారుతుంది. ఇంట్లో ఆ వంతు మారదు. ఉద్యోగం చేసే అమ్మాయికైతే రాత్రి కంపెనీ కాపలా, పొద్దున ఇంటి కాపలా రెండూ ఒకే తల మీద పడతాయి.

అందుకే ఆ బల్ల దగ్గరే ఒక నిర్ణయం అయింది. మా కోడలికి రాత్రి వంతు ఉన్న వారం పొద్దున పాలు, క్యారియర్లు మా అబ్బాయివి, మనవడిని బడికి తయారుచేయడం వాడి తాతగారిది. ఫోను చేసి చెబితే "ఉప్మా తప్ప నాకేం రాదే అమ్మా" అన్నాడు వాడు. వారం రోజులు ఉప్మా తింటే ఎవరూ చిక్కిపోరు!

వాన సాయంత్రం

రెండో రోజు గురువారం. తెల్లవారితే వరలక్ష్మీ వ్రతం. సాయంత్రానికి ఆడవాళ్లందరి ధ్యాసా పూలు, తమలపాకుల మీదికి మళ్లింది. సరిగ్గా అప్పుడే పట్టుకుంది కుండపోత వాన! నేలమీది మేఘాల గురించి రెండు రోజులు విన్నాక పైనున్న అసలు మేఘం తన ప్రతాపం చూపించింది. రోడ్డు మీద కార్లు కదిలితే ఒట్టు. తడుస్తూ మెట్రో స్టేషన్‌కి చేరాం.

ప్లాట్‌ఫారం మీద మా కోడలి ఫోను మోగింది. ఆ వారం వంతు దానిదే. బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి టకటకా ఏదో కొట్టింది. రెండు రైళ్లు వెళ్లిపోయాయి. "ఏమైందే?" అంటే, "ఒక మిషన్లో చోటు నిండిపోవస్తోందత్తయ్యా. ఇలాగే వదిలేస్తే రాత్రికి ఆగిపోయేది. ముందే చెప్పింది కాబట్టి సర్దేశాను" అంది. మా పక్కనే ఒకావిడ పూల సంచి ఒళ్లో పెట్టుకుని ఫోనులో ఎవరికో డబ్బు పంపుతోంది. ఇలాంటి కాపలావాళ్లు ఎక్కడెక్కడ కూర్చుని కాస్తే ఆవిడ పని సాగుతోందో ఆవిడకు తెలియదు. తెలియకపోవడమే వాళ్ల పని బాగా జరిగిందనడానికి గుర్తు.

వెళ్లాలనుకునే వారికి

ఇలాంటి సభలకు ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. మెట్రోలో హైటెక్ సిటీ దాకా వెళ్లి, అక్కడినుంచి ఆటో తీసుకోండి. లోపల ఏసీ చలి ఎక్కువ, శాలువా మర్చిపోవద్దు. నడక చాలా ఉంటుంది, మెత్తటి చెప్పులు వేసుకోండి. వానాకాలమైతే గొడుగు తప్పనిసరి. సమయం మిగిలితే శిల్పారామంలో చేనేత చీరలు, మట్టి పాత్రలు చూడొచ్చు, బేరం మాత్రం ఆడాల్సిందే.

మీ ఇంట్లోనూ రాత్రివేళ ఫోను మోగే కొడుకో, కూతురో, కోడలో ఉంటే "ఈ వారం వంతు నీదా?" అని ఒక్కసారి అడిగి చూడండి. అవునంటే పొద్దున ఇంకో గంట పడుకోనివ్వండి. మీ వంతు సంగతి కూడా ఆ పూటే ఇంట్లో అందరి ముందూ మాట్లాడుకోండి.