హీటెక్కింది సరే, ఎక్కడ హీటెక్కింది?

ఏమండోయ్, రోడ్డు పక్కన బానెట్ ఎత్తిపెట్టి అలా దిగాలుగా నిలబడ్డారేం? హీటెక్కిందా? ఎక్కనీండి, ఇప్పుడేం కొంపలంటుకోలేదు. ముందు ఆ రేడియేటర్ మూత మీద నుంచి చెయ్యి తీయండి. తీశారా? హమ్మయ్య! లోపల కుతకుతలాడుతున్న నీళ్లున్నాయి. మూత తిప్పారంటే మొహాన కొడతాయి. ఇంజిన్ ఆపేసి అరగంటో ముప్పావుగంటో వదిలేయండి. ఈలోగా మనం కబుర్లాడుకుందాం. పాత కారు హీటెక్కిందని చెవిన పడితే చాలు, నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ వచ్చేస్తాను. అందులో ఉన్న మజా మీకింకా తెలీదు!

మొదటి ప్రశ్న. ఎక్కడ హీటెక్కింది?

"ఎక్కడేంటండీ, ఇంజిన్లో" అనకండి. ఊళ్లో ఎక్కడ అని అడుగుతున్నాను. మలక్‌పేట దాటి, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా మెట్రో స్తంభాల పక్కన అడుగులో అడుగేస్తూ వస్తుంటే వేడి చూపించే ముల్లు లేచిందా? లేకపోతే ఎల్బీ నగర్ చౌరస్తా దాటి, హయత్‌నగర్ కూడా దాటి, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు రోడ్డు ఖాళీగా దొరికాక ఎనభైలో పోతుంటే లేచిందా? నసక్కండి, గుర్తు తెచ్చుకోండి. సగం గుట్టు అక్కడే ఉంది.

తూర్పు హైదరాబాదు వాళ్లం మనం ఒక విషయంలో అదృష్టవంతులం. ఈ పరీక్షకి కావలసిన రోడ్డు మన గుమ్మం ముందే ఉంది. ఎల్బీ నగర్ దాకా సగం పరీక్ష, అక్కడి నుంచి విజయవాడ హైవే మీద మిగతా సగం. ఇంత పెద్ద పరీక్షా యంత్రం ఏ షెడ్డులో ఉందో చూపించండి!

ఎందుకంటారా? మీరు పోయించిన పెట్రోలు శక్తిలో చక్రాల దాకా చేరేది పావు వంతు, అటూ ఇటూగా. దగ్గర దగ్గర మూడో వంతు వేడిగా మారి ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్లలో కలుస్తుంది. ఆ వేడిని రేడియేటర్ గాలికి అప్పజెప్పాలి. హైవే మీద ఎదురుగాలి ఉచితం. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఉచిత గాలి ఎక్కడిదండీ? ముందు ఆర్టీసీ బస్సు, పక్కన ఆటో, వెనక ఆగని హారన్లు. అక్కడ దొరికే గాలంతా ఫ్యాన్ చలవే. కాబట్టి నెమ్మదిగా పోతున్నప్పుడు హీటెక్కి, కాస్త రోడ్డు దొరగ్గానే ముల్లు దిగిపోతోందంటే, ఫ్యాన్ మీద అనుమానం పెట్టుకోండి. రద్దీలో బుద్ధిగా ఉండి, వేగం పెరిగితే ముల్లు లేస్తోందా? ఫ్యాన్ జోలికి పోకండి. నీళ్లు సరిగ్గా తిరగడం లేదు, లేదా రేడియేటర్ పూడుకుపోయింది.

2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీ నగర్ దాకా నడవడం మొదలయ్యాక కొంత జనం పైకెక్కారు గానీ, కింద రద్దీ ఏమన్నా తగ్గిందా? కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజులు గుర్తున్నాయా? మే నెలలో మామిడికాయల లారీలు, వాటి మధ్య ఇరుక్కుని ఆవిరి కక్కే కార్లు! ఆహా, ఆ వాసన! ఆ మార్కెట్ 2021లో బాటసింగారం వెళ్లిపోయింది. మామిడిపళ్లకి ఇప్పుడు అంతదూరం పోవాలి. సరే, పోతే పోయాం, పాత బండికి హైవే పరీక్ష కూడా అయిపోతుంది కదా.

ఇంతకీ మీది ఏ బండి? మారుతి 800 అయితే మనం బంధువులమైపోయినట్టే. 1983 డిసెంబరులో వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. తయారీ ఆగింది 2014 జనవరిలో. అంబాసిడర్ కూడా అదే ఏడాది మేలో ఆగిపోయింది. ఇద్దరూ ఒకే ఏడాది వెళ్లిపోయారండీ, చూశారా! అయితే ఫ్యాన్ దగ్గర ఇద్దరి దారీ వేరు. అంబాసిడర్‌లో ఫ్యాన్‌ని బెల్టు తిప్పుతుంది. ఇంజిన్ తిరిగినంతసేపూ ఫ్యానూ తిరుగుతుంది. బెల్టు వదులైతే జారుతుంది, కీచుమంటుంది. మారుతికి కరెంటు ఫ్యాన్. నీళ్లు కావలసినంత వేడెక్కాకే తిరుగుతుంది, చల్లబడగానే ఆగుతుంది.

కరెంటు ఫ్యాన్‌ని పరీక్షించడం ఎంత హాయో! ఇంటి ముందు బండి నిలబెట్టి ఇంజిన్ నడవనీండి. ముల్లు మధ్య గీత దాటుతున్నా ఫ్యాన్ ఉలకదు పలకదా? దాని ప్లగ్గు ఊడదీసి, రెండు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. రెక్కల దగ్గర వేళ్లు పెట్టకండి సుమా. గిర్రున తిరిగిందా, మోటారు నిక్షేపంగా ఉంది. దొంగ ఫ్యూజో, రిలేయో, వేడికి పనిచేసే ఆ చిన్న స్విచ్చో. తిరగలేదా, మోటారుకే కాలం చెల్లింది. చాలా బళ్లలో ఏసీ వేస్తే కూడా ఫ్యాన్ తిరుగుతుంది. కానీ కొన్నిటికి ఏసీ ఫ్యాన్ వేరే ఉంటుంది. అది తిరగడం చూసి మోసపోయేరు!

ఇక్కడ షెడ్డు వాళ్లతో నాకో పేచీ ఉంది. "సార్, స్విచ్చు ఖరాబైంది. డైరెక్ట్ ఇచ్చేస్త. చాబీ తిప్పితే సాలు, తిరుగుతనే ఉంటది" అంటారు. వద్దనండి. స్విచ్చు మార్పించండి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద ఫ్యాన్ ఎందుకు తిరగాలండీ? పాపం ఆ మోటారుకి మాత్రం ఆయుష్షు అక్కర్లేదా?

సరే, హైవే మీద హీటెక్కే రకానికి వద్దాం. మీరు రేడియేటర్‌లో ఏం నీళ్లు పోస్తున్నారు? నిజం చెప్పండి. బోరు నీళ్లేనా? అనుకున్నాను! వనస్థలిపురం వైపు కాలనీల్లో బోరు నీళ్లు పట్టిన బకెట్ అంచు చూడండి, తెల్లగా పేరుకున్న ఉప్పు గోకితే రాదు. అదే ఉప్పు రేడియేటర్‌లో సన్నటి గొట్టాల లోపలా పేరుకుంటుంది. 2004లో నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీళ్లు మన సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కి వచ్చాయి కాబట్టి, దారిలో అవసరపడితే కుళాయి నీళ్లు పట్టుకెళ్లండి, బోరు కంటే నయం. అసలు పద్ధతి మాత్రం డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. కూలెంట్ తుప్పు పట్టనివ్వదు, మరిగే వేడినీ పెంచుతుంది. అయితే అది విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. కింద పడితే నీళ్లు పోసి కడిగేయండి.

రేడియేటర్ పూడిందో లేదో చేత్తోనే తెలుస్తుంది. బండి హీటెక్కాక ఇంజిన్ ఆపి, చెయ్యి కాలనంత చల్లబడ్డాక, జాలీ మీద అరచేయి మెల్లగా కదిలించండి. అంతా గోరువెచ్చగా ఉండి, ఒక్కచోట మాత్రం చల్లగా తగిలిందా? అక్కడ నీళ్లు పారడం లేదు. ఇత్తడి రేడియేటర్ అయితే పైనా కిందా ట్యాంకులు విప్పి గొట్టాల్లో సన్నటి ఊచలు దూర్చి శుభ్రం చేస్తారు. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రకమైతే మార్చుకోవడమే మేలు. అన్నట్టు, బయటి వైపు కూడా చూడండి. దుమ్ము, పురుగులు కలిసి రెక్కల మధ్య అట్టకట్టి ఉంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టండి. ఎటు నుంచి వచ్చిన చెత్త అటే పోతుంది.

నీళ్లు తిప్పే పంపుకి, అదే షెడ్డు వాళ్ల భాషలో వాటర్ బాడీకి, కింద చిన్న కన్నం ఉంటుంది, చూశారా? అక్కడ తడి మరక కనిపిస్తే దాని సీలు పోయినట్టే. ఆ కన్నం పెట్టిందే మీకా కబురు చెప్పడానికి. ఇంకో తమాషా ఉంది. ఇంజిన్‌ని గట్టిగా రేస్ చేస్తుంటే కింది హోస్ పైపు లోపలికి నొక్కుకుపోతోందా? రబ్బరు మెత్తబడింది, లేదా లోపలుండే స్ప్రింగు తుప్పుపట్టి పోయింది. షెడ్డులో రేస్ చేయకుండా ఊరికే నిలబెట్టి చూస్తే ఏమీ ఉండదు, హైవే ఎక్కితేనే బయటపడుతుంది!

ఇప్పుడు మూత దగ్గరికి. మీరందరూ చిన్నచూపు చూసే ఆ మూతంటే నాకు ప్రాణం. మన హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. అందుకని ఇక్కడ నీళ్లు నూరు దాకా ఆగవు, 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. రేడియేటర్ మూత కుక్కర్ వెయిట్ చేసే పనే చేస్తుంది. లోపల ఒత్తిడి నిలబెట్టి, మరిగే వేడిని ఇంకో 20 డిగ్రీల దాకా పైకి జరుపుతుంది. దాని రబ్బరు వాషరు ఎండి పగిలిందా, ఆ 20 డిగ్రీలూ గల్లంతు. చల్లబడ్డాక పైహోస్ నొక్కుకుపోయి కనిపిస్తోందా? కూలెంట్ బాటిల్ నుంచి నీళ్లు వెనక్కి రానిచ్చే వాల్వు బిగుసుకుపోయింది. తప్పు మూతదే! దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అదే అంకె ఉన్నది కొనండి.

కారు పుట్టినప్పటి నుంచీ ఈ నీళ్ల గొడవ ఉన్నదే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని, భర్త చేసిన కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు, మనకి ఎల్బీ నగర్ నుంచి నకిరేకల్ దాకా అటూ ఇటూగా. రేడియేటర్ అన్నదే లేదు, నీళ్లు ఆవిరైపోవడమే చల్లదనం. దారి పొడుగునా ఎక్కడ నీళ్లు కనపడితే అక్కడ పోసుకుంటూ పోయింది. ధైర్యమంటే అదండీ! తర్వాత మేబాక్ అనే ఇంజినీరు 1901 నాటి మెర్సిడెస్‌కి 8,070 సన్నటి గొట్టాలతో రేడియేటర్ కట్టాడు. ఎనిమిది వేల డెబ్భై! లెక్కపెట్టుకుంటూ అతికిన వాళ్లకి దణ్ణం పెట్టాలి.

థర్మోస్టాట్ సంగతి చెప్పకుండా మిమ్మల్ని వదిలేది లేదు. బండి బయల్దేరిన కాసేపటికే, ఇంకా వీధి చివర కూడా దాటకముందే ముల్లు లేచిపోతోందా? పైహోస్ కాలిపోతూ కిందిది చల్లగా ఉందా? వాల్వు మూసుకుని కూర్చుంది. విప్పి ఇంటికి పట్టుకెళ్లండి. వంటకి వాడని పాత గిన్నె ఒకటి అడగండి. మళ్లీ చెబుతున్నా, వంటకి వాడనిది. నీళ్లు పోసి, వాల్వుకి దారం కట్టి, అడుగు తగలకుండా వేలాడదీసి స్టవ్ వెలిగించండి. దాని మీద 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది. లోపల మైనం ఉంటుందండీ. అది కరిగి ఉబ్బి, సన్నటి కడ్డీని తోస్తుంది. నీళ్లింకా తెర్లకముందే ఆ ఇత్తడి బిళ్ల కొద్దికొద్దిగా లేస్తుంది. వెంట్రుకవాసి సందు, తర్వాత స్పష్టంగా కనపడేంత. స్టవ్ ఆపితే మళ్లీ మెల్లగా మూసుకుంటుంది. బ్యాటరీ లేదు, వైరు లేదు, వేడి ఒక్కటే! ఇంట్లో పిల్లలుంటే పిలవండి, ఫోన్లు కిందపెట్టి చూస్తారు. నీళ్లు తెర్లినా బిళ్ల కదల్లేదంటే కొత్తది తెచ్చుకోండి.

"మన ఊరి ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్, తీసేద్దాం" అంటారు చూడండి, ఆ మాట మాత్రం వినకండి. ఇంజిన్‌కి తగినంత వేడి కూడా కావాలి. లేకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. తీసేస్తే జబ్బు పోదు, కొన్నాళ్లు దాక్కుంటుందంతే.

ముల్లు కూడా ఒక్కోసారి అబద్ధమాడుతుంది. నీళ్లన్నీ కారిపోతే దాని సెన్సరు గాల్లో ఉండిపోయి, ముల్లు హాయిగా కిందే ఉంటుంది. లైట్లు వేసినప్పుడే లేచే ముల్లయితే ఎర్త్ వైరు బిగించండి.

చివరికి అందరూ భయపడే పేరు. హెడ్ గ్యాస్కెట్. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? ఆయిల్ మూత అడుగున మీగడ రంగు జిగురుందా? సైలెన్సర్‌లో తియ్యటి వాసనతో తెల్లపొగ ఉందా? అయితే హెడ్ దించాల్సిందే. అల్యూమినియం హెడ్ వేడికి వంగుతుంది. ఫేసింగ్ చేయించి కొత్త గ్యాస్కెట్ వేయించండి. పాతదే మళ్లీ బిగిస్తానంటే ఒప్పుకోకండి. ఇందుకే చెబుతున్నా, సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోల్ గేటు దగ్గర ఆగిన బారులో ముల్లు లేస్తే మొండిగా ముందుకు పోకండి. ఏసీ ఆపండి. హీటర్ ఉంటే నిండుగా తిప్పండి. చెమటలు పడతాయి, పట్టనీండి, ఇంజిన్ వేడి కొంత మీ దగ్గరికొస్తుంది. ముల్లు అప్పటికీ దిగకపోతే పక్కకి తీసి ఆపేయండి.

పని ఏదైనా కానీ, నీళ్లు నింపాక గాలి తీయడం మరవద్దు. బండి ముక్కు కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి, మూత తీసి ఇంజిన్ నడపండి. పైహోస్‌ని నొక్కుతూ వదులుతూ ఉండండి, బుడబుడమంటూ గాలి బయటికొస్తుంది. నీళ్లు దిగితే పోస్తూ ఉండండి. కిందిహోస్ వేడెక్కి బుడగలు ఆగాక ఇంజిన్ ఆపి మూత బిగించండి. మళ్లీ స్టార్ట్ చేసి, ఫ్యాన్ దానంతటదే తిరిగి ఆగేదాకా పక్కనే ఉండండి. మర్నాడు పొద్దున్న, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, తగ్గితే ఇంకాస్త పోయండి.